రేటు చూసి వచ్చినారు, సిగ్నల్ చూసి వెళ్ళిపోనారు

2024 జులై 3న జియో, ఎయిర్‌టెల్ ఒకే రోజున రీఛార్జి రేట్లు పెంచీసినాయి. మర్నాడు వొడాఫోన్ ఐడియా, అదే మన వీఐ, వాళ్ళ ఎనకాలే నడిచింది. ప్లాన్‌ని బట్టి 11 నుంచి 25 శాతం దాకా పెంపు. ఆ నెలలో మూడు ప్రైవేటు కంపెనీలకీ జనం తగ్గినారు. బీఎస్ఎన్ఎల్‌కి మాత్రం నికరంగా 29 లక్షల మంది పెరిగినారు. ఆగస్టులో మరో 25 లక్షలు. సోషల్ మీడియాలో పండగే పండగ. "మన కంపెనీ మళ్ళా లేచింది" అని మన గుంటలు స్టేటస్‌లు పెట్టీసినారు.

నవంబరు వచ్చేసరికి లెక్క తిరగబడింది. బీఎస్ఎన్ఎల్‌లో చేరినోళ్ళ కంటే వదిలీసినోళ్ళు ఎక్కువైపోనారు.

ఏటి జరిగింది? రేటు చూసి వచ్చినారు, సిగ్నల్ చూసి వెళ్ళిపోనారు. అప్పటికి చాలా చోట్ల బీఎస్ఎన్ఎల్ 4జీ ఇంకా రాలేదు. తక్కువ రేటు జనాన్ని గుమ్మం దాకా తెస్తాది గాని, ఇంట్లో కూర్చోబెట్టేది నెట్‌వర్కే. ఈ కంపెనీ గురించి ఏ పెద్ద రిపోర్టు చదివినా చివరికి తేలేది ఈ ముక్కే. దేశభక్తి పోస్టులు పక్కన పెట్టి, ఈ పోటీలో బీఎస్ఎన్ఎల్ ఎక్కడ గెలవగలదు, ఎక్కడ గెలవలేదు, దానివల్ల చీడికాడ లాంటి మండలానికి ఒరిగేదేటి అన్నది ఓసారి లెక్కేసి చూద్దాం.

చేతులు కట్టీసి కబడ్డీ

బీఎస్ఎన్ఎల్ పుట్టింది 2000 అక్టోబరు 1న. మొబైల్ సర్వీసు మొదలెట్టింది 2002 అక్టోబరులో. అప్పటికి ఫోన్ వస్తే ఎత్తినందుకు కూడా డబ్బులు కట్టే కాలం. మీలో చాలామందికి ఇది తెలీదు, మీ నాన్నని అడగండి. ఈ ప్రభుత్వ కంపెనీ రంగంలోకి దిగాక రేట్లు జారిపోనాయి. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది. 2006లో దేశంలో ఏ మూలకైనా నిమిషానికి రూపాయి అన్న ప్లాన్ తెచ్చింది. 2008-09లో 575 కోట్లు లాభం కూడా చూపించింది.

మరుసటి ఏడే 1,823 కోట్లు నష్టం. అక్కడినుంచి కిందకే. "ప్రభుత్వ ఉద్యోగులు పనిచెయ్యరు కాబట్టి మునిగిపోయింది" అని టీ కొట్టు దగ్గర తేల్చీస్తారు. అందులో కొంత నిజం ఉంటే ఉండొచ్చు గాని, అసలు లెక్క వేరే ఉన్నాది.

2010లో 3జీ వేలం జరిగింది. బీఎస్ఎన్ఎల్ ఆ వేలంలో పాడలేదు. అయినా ప్రైవేటు కంపెనీలు పాడిన రేటుకే సరిపోయేలాగ, 3జీకి, బ్రాడ్‌బ్యాండ్ తరంగాలకి కలిపి సుమారు 18,500 కోట్లు దానిచేత కట్టించినారు. గల్లాపెట్టి ఖాళీ అయిపోనాది. అదే ఏడు 9 కోట్ల 30 లక్షల కొత్త లైన్ల టెండరు రద్దైపోనాది. సంతకి బండి కట్టుకుని బయల్దేరినోడి ఎద్దుల్ని విప్పీసినట్టు అయింది దాని పని.

2016 సెప్టెంబరు 5న జియో దిగింది. ఒట్టి 4జీతోనే దిగింది. 2017 మార్చి ఆఖరు దాకా డేటా ఉచితం. అప్పుడు బీఎస్ఎన్ఎల్ చేతిలో ఉన్నది 2జీ, 3జీ. దానికి 4జీ తరంగాలు ఇస్తామని ప్రభుత్వం నిర్ణయించింది 2019 అక్టోబరులో. 2020 మార్చిలో టెండరు పిలిచి, జులైలో రద్దు చేసీసినారు. చైనా సామాన్లు వద్దు, స్వదేశీ పరికరాలే పెట్టాల అన్నారు. మాట మంచిదే. కానీ ఆ షరతు బీఎస్ఎన్ఎల్‌కి మాత్రమే పెట్టి, విదేశీ పరికరాలతో అప్పటికే పరిగెత్తుతున్న కంపెనీలతో పోటీ పడమన్నారు. చేతులు కట్టీసి కబడ్డీ ఆడమనడం అంటే ఇదే కాదేటి? టీసీఎస్, తేజస్, సీ-డాట్ కలిసి చేసిన పరికరాలకి 2023లో ఆర్డరు పడింది. 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధాని ఆ స్వదేశీ 4జీని ప్రారంభించినారు. 97,500కి పైగా టవర్లు, సుమారు 37,000 కోట్ల ఖర్చు. జియో వచ్చిన తొమ్మిదేళ్ళకన్న మాట.

మూడు లక్షల కోట్లు ఎక్కడికి వెళ్ళినాయి?

"ఇన్ని లక్షల కోట్లు పోసినా బాగుపడలేదు" అన్న మాట మీరు విన్నారు. 2019లో సుమారు 69,000 కోట్ల ప్యాకేజీ, 2022లో 1.64 లక్షల కోట్లు, 2023లో 89,047 కోట్లు. మొత్తం 3.22 లక్షల కోట్ల దాకా తేలతాది.

కానీ ఇందులో టవరు దగ్గరికి వచ్చిన సొమ్ము ఎంత? 2022 ప్యాకేజీలో నగదు సాయం అన్నది 43,964 కోట్లే. మిగిలిన లక్షా ఇరవై వేల కోట్లు నగదు కాదు. 2023 నాటిది దాదాపుగా తరంగాల విలువ. అంటే ప్రభుత్వం తన తరంగాలకి తనే రేటు కట్టి, తన కంపెనీకి వాటా రూపంలో ఇచ్చి, మళ్ళా తనే జమ చేసుకుంది. ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో పెట్టుకున్నట్టు. తరంగాలు కంపెనీకి అవసరమే, కాదనను. అయితే ఆ అంకె చూపించి "పోసిందంతా తినీసింది" అనడం లెక్క కాదు.

2019 ప్యాకేజీలో ఇంకో ముక్క ఉన్నాది. స్వచ్ఛంద పదవీ విరమణ కింద 2020 జనవరి 31న ఒక్క రోజున 78,569 మంది ఉద్యోగులు బయటికి వెళ్ళిపోనారు. ఉన్నోళ్ళలో సగం మంది. జీతాల భారం తగ్గింది, నిజమే. దాంతోపాటు ఏ లైను ఏ గట్టు కిందనుంచి వెళ్తాదో, ఏ వానకి ఎక్కడ తెగుతాదో తెలిసిన మనుషులు కూడా పోనారు. ఇప్పుడు మరమ్మతు చాలావరకు కాంట్రాక్టరు పని.

ఫలితం ఎలాగుంది? 2024 అక్టోబరు-డిసెంబరులో 262 కోట్లు లాభం వచ్చింది. 2007 తర్వాత ఇదే మొదటిది అన్నారు. ఆ ఏడాది మొత్తం మీద చూస్తే 2,247 కోట్లు నష్టమే, కాకపోతే అంతకుముందు ఏడాది కంటే సగం కూడా లేదు. 2025 ఏప్రిల్-జూన్‌లో మళ్ళా వెయ్యి కోట్ల పైన నష్టం. అంటే రోగి మంచం మీద లేచి కూర్చున్నాడు, ఇంకా నడవలేదు.

కొండ ఎక్కని కంపెనీల లెక్క

ఒక్కో మనిషి దగ్గర నెలకి సగటున ఎయిర్‌టెల్ 250 రూపాయలు, జియో 210 రూపాయల పైన రాబడతాయి. బీఎస్ఎన్ఎల్‌కి వచ్చేది నూరు లోపే. దానికి ఉన్నది సుమారు 9 కోట్ల మంది. జియోకి 48 కోట్ల దాకా. ఈ అంకెలతో విశాఖలో 5జీ మీద జియోతో కుస్తీ పడితే బీఎస్ఎన్ఎల్ నడ్డి విరుగుతాది.

ప్రైవేటు కంపెనీకీ ఓ లెక్క ఉన్నాది. చోడవరం సెంటర్లో ఒక టవరు పెడితే వేలమంది రీఛార్జి చేస్తారు. కోనం రిజర్వాయరు దాటి కొండవైపు వెళ్తే, అరవై గడపల శివారు ఊరికి కూడా టవరు అంతే కావాల, కరెంటు అంతే కావాల, డీజిలు అంతకంటే ఎక్కువ కావాల. వచ్చే రీఛార్జులు యాభయ్యో వందో. అందుకే వాళ్ళు తమంతట తాము కొండ ఎక్కరు. తిట్టి లాభం లేదు, వ్యాపారం అంటే అదే.

మరి ఏజెన్సీలో జియో టవర్లు ఎలాగొచ్చినాయి? ప్రభుత్వ నిధితో. ప్రతి టెలికాం కంపెనీ తన ఆదాయంలో 5 శాతం ఒక నిధికి కట్టాల. దాని పేరు ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి. ఆ 5 శాతం మన రీఛార్జిలోంచి పోయిందే. 2021 నవంబరులో ఆంధ్రతో కలిపి ఐదు రాష్ట్రాల్లోని 7,287 ఊళ్ళకి 6,466 కోట్లతో టవర్ల పథకం ఆ నిధిలోంచే వచ్చింది. 2022 జులైలో దేశంలో సిగ్నల్ లేని 24,680 ఊళ్ళకి 26,316 కోట్లు ఒప్పుకున్నారు. ఆ పని బీఎస్ఎన్ఎల్‌కి ఇచ్చినారు.

ఇక్కడ ఒక మెలిక. ఈ లెక్కలు ఊరు పేరుతో తీస్తారు. పంచాయతీ ఊర్లో సిగ్నల్ ఉంటే ఆ ఊరు "కవర్ అయ్యింది" అని రాసీసే ప్రమాదం ఉన్నాది. కొండ మొదట్లో శివారు ఊళ్ళకి ఆ సిగ్నల్ అందుతాదా లేదా అన్నది రికార్డులోకి ఎక్కదు. ఆ శివార్లలో ఉపాధి పని మేటు ఫొటో ఎక్కించాలన్నా, రేషన్ మిషన్ వేలిముద్ర పట్టాలన్నా, 108కి ఫోన్ కొట్టాలన్నా టవరే దిక్కు.

బీఎస్ఎన్ఎల్ చేతిలో ఏటున్నాది?

తక్కువ రేటొక్కటే అనుకుంటే పొరపాటు. రేటు పెంచకుండా కొన్ని ప్లాన్‌లలో రోజులు తగ్గించడం ఇప్పటికే మొదలైంది. అసలు బలం మూడు చోట్ల ఉన్నాది.

ఒకటి, 700 మెగాహెర్ట్జ్ తరంగాలు. దండోరా డప్పు ఊరవతలికి వినిపిస్తాది, ఈల సందు మలుపులోనే ఆగిపోతాది. తరంగాలూ అలాంటివే. తక్కువ అంకె తరంగం ఎక్కువ దూరం వెళ్తాది, గోడలు దాటుతాది. కొండ అంచుకి ఇది బాగా పనికొస్తాది. కాకపోతే మీ ఫోన్‌లో బ్యాండ్ 28 లేకపోతే ఆ సిగ్నల్ పట్టదు. పాత ఫోన్ అయితే సిమ్ మార్చేముందు ఇది చూసుకోండి.

రెండు, భూమిలో పాతిన ఫైబరు, మండలాల్లో పాత ఎక్స్ఛేంజీ బిల్డింగులు, జాగాలు. కొత్తోళ్ళు వేలకోట్లు పెట్టి కట్టుకోవాల్సినవి దీనికి ముందే ఉన్నాయి.

మూడు, ప్రభుత్వ నిధితో వచ్చిన టవర్లు. 2025 జనవరిలో కేంద్రం ఒక మంచి పని చేసింది. ఈ నిధితో కట్టిన టవరు ఏ కంపెనీదైనా, జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ సిమ్‌లు మూడూ దానిమీద 4జీ వాడుకోవచ్చంది. దేశంలో 27,000కి పైగా టవర్లకి ఇది వర్తిస్తాది. ఇది సరిగ్గా నడిస్తే కొండమీద పోటీ తీరే మారిపోతాది. ఎవడి టవరు అన్నది కాదు ప్రశ్న, టవరు వెలిగుందా లేదా అన్నదే.

బీఎస్ఎన్ఎల్ బలహీనత కూడా అక్కడే. కరెంటు పోతే బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతాది? డీజిలు ఎవరు పోస్తారు? ఫైబరు తెగితే ఎన్ని రోజులకి కలుపుతారు? లక్ష టవర్లు నిలబెట్టడం ఒకసారి చేసే పని. వాటిని నిలబెట్టి ఉంచడం రోజూ చేసే పని. కంపెనీ తన కొత్త డబ్బులో పెద్ద వాటా బ్యాటరీలకి, సోలార్‌కి, స్థానికంగా మరమ్మతు చేసే కుర్రాళ్ళకి పెట్టాల. పాలిటెక్నిక్, ఐటీఐ చదివినోళ్ళు మన మండలంలో కొరతేటి? పట్నంలో 5జీ బోర్డు కట్టుకోవడం కంటే పల్లెలో "ఈ టవరు ఆగదు" అన్న పేరు తెచ్చుకోవడమే దానికి గెలుపు.

రెండే కొట్లుంటే

"నాకెందుకు, నాది జియో సిమ్" అంటారా? వీఐ సంగతి చూడండి. 2018 ఆగస్టులో వొడాఫోన్, ఐడియా కలిసినప్పుడు 40 కోట్ల పైన చందాదారులు. ఇప్పుడు సుమారు సగం. ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీలు కట్టలేక వాటాలు ఇచ్చీసింది. 2025 ఏప్రిల్ నాటికి అందులో 49 శాతం ప్రభుత్వానిదే. రేపు వీఐ కూలి, బీఎస్ఎన్ఎల్ బోర్డుకే మిగిలితే, మిగిలేవి రెండు కొట్లు. సంతలో రెండే కొట్లుంటే బేరం ఎక్కడుంటాది? 2024 జులైలో ఒకే రోజున ఇద్దరూ రేటు ఎలాగ పెంచినారో చూసినాం కదా. ఆ నెలలో జనానికి పోవడానికి ఒక గుమ్మం దొరికింది. బీఎస్ఎన్ఎల్ సిమ్ వాడనోడికి కూడా ఆ గుమ్మం తెరిచి ఉండటం లాభమే.

మనం చెయ్యాల్సింది

జెండా పట్టుకుని పోర్ట్ అవ్వమని నేను చెప్పను. ఒకసారి మారితే 90 రోజులు మళ్ళా మారలేరు. ముందు పక్కింటోళ్ళ సిమ్ మీ ఇంట్లో, మీ పొలంలో పట్టి చూడండి. ట్రాయ్ నిబంధన ప్రకారం కంపెనీలు తమ సిగ్నల్ మ్యాప్ వెబ్‌సైట్లో పెట్టాల. మీ శివారు ఊరు ఆ మ్యాప్‌లో రంగు పడి ఉండి, నిజంగా సిగ్నల్ లేకపోతే స్క్రీన్‌షాట్ తీయండి. అది సాక్ష్యం.

టవరు ఆగిన రోజు, గంటలు ఒక నోటు పుస్తకంలో రాయండి. కస్టమర్ కేర్‌కి చేస్తే డాకెట్ నంబరు అడిగి తీసుకోండి. పరిష్కారం కాకపోతే 30 రోజుల లోపు అదే కంపెనీ అప్పీలు అధికారికి పెట్టొచ్చు, వాళ్ళు 39 రోజుల్లో తేల్చాల. పదిమంది డాకెట్లు కలిపి గ్రామసభలో తీర్మానం చేయించి కలెక్టరుకి ఇస్తే దాని బరువు వేరు.

ఒక డిమాండు మాత్రం గట్టిగా అడగాల. సేవ ఆగిపోతే పరిహారం ఇవ్వాలని 2024లో ట్రాయ్ నిబంధన తెచ్చింది. 24 గంటలు దాటితే రోజులు కలపాల. కానీ అది జిల్లా స్థాయిలో నెట్‌వర్క్ పడిపోతేనే. అనకాపల్లి పట్నంలో సిగ్నల్ ఉన్నంతకాలం, కొండ కింద ఒక ఊరు మూడు రోజులు మూగపోయినా రూలు ప్రకారం అది లెక్కలోకి రాదు. ఈ లెక్క జిల్లా నుంచి టవరు దాకా దిగాల. ప్రభుత్వ నిధితో కట్టిన ప్రతి టవరూ నెలలో ఎన్ని గంటలు పనిచేసిందో పంచాయతీ బోర్డు మీద రాయాల. బీఎస్ఎన్ఎల్‌దైనా, జియోదైనా ఇదే రూలు. ఆ టవరు మన రీఛార్జి డబ్బులతో లేచింది. అది ఎన్ని గంటలు వెలిగిందో అడిగే హక్కు మనదే.