జంట తప్పిన ఎలక్ట్రాన్

మన ఇంట్లో బల్బు వెలిగితే సెకనుకి కోటానుకోట్ల ఎలక్ట్రాన్లు పోతుంటాయి. అందులో ఒకటి అటూ ఇటూ అయితే ఎవరిక్కావాలి చెప్పండి! కానీ ఆ ఒక్కదాన్నీ పసిగట్టే పరికరం ఉంది. పేరు కాస్త పొడుగు: సూపర్‌కండక్టింగ్ సింగిల్ ఎలక్ట్రాన్ ట్రాన్సిస్టర్.

చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. నడుమ అతి చిన్న అల్యూమినియం ముక్క, దాన్ని దీవి అంటారు. అటొక తీగ, ఇటొక తీగ. మధ్యలో నానోమీటరు మందాన ఆక్సైడ్ పొర. ఆక్సైడ్‌లోంచి కరెంటు పోకూడదు. కానీ పొర మరీ పల్చన కాబట్టి ఎలక్ట్రాన్ ఇవతల మాయమై అవతల తేలుతుంది. ఇదే టన్నెలింగ్ (సొరంగం ఏమీ ఉండదు, పేరలా పడిందంతే). దీవి ఎంత చిన్నదంటే, ఒకటొచ్చి చేరితే దాని చార్జే రెండోదాన్ని రానివ్వదు. జనరల్ బోగీలో ముందెక్కినవాళ్లు తలుపు దగ్గర అడ్డంగా నిలబడతారే, అలాగన్నమాట. పక్కనున్న గేటు వోల్టేజీ మారిస్తేనే దారి వదులుతుంది. 1987లో బెల్ ల్యాబ్స్‌లో ఫుల్టన్, డోలన్ దీన్ని చేసి చూపించారు.

అసలు తమాషా అల్యూమినియాన్ని 1.2 కెల్విన్ కిందికి చల్లబరిచాక మొదలవుతుంది. ఎలక్ట్రాన్లు జతకడతాయి. జంటగానే పొర దాటగలవని 1962లో చెప్పింది కేంబ్రిడ్జిలో 22 ఏళ్ల విద్యార్థి బ్రయన్ జోసెఫ్సన్. అప్పటికే నోబెల్ అందుకున్న జాన్ బార్డీన్ కుదరదన్నాడు. కుర్రాడే గెలిచాడు.

ఇక్కడే చిక్కు. దీవి మీద లెక్క సరిసంఖ్య అయితే అన్నిటికీ జోడీ ఉంటుంది. బేసి అయితే ఒకటి మిగిలిపోతుంది, దాన్ని ఉంచుకోడానికి అదనంగా శక్తి కావాలి. కోట్లమంది మధ్య మిగిలిన ఆ ఒక్కదాని తేడా కరెంటులో తెలిసిపోతుందని 1992లో హార్వర్డ్‌లో టింకమ్ బృందం చూపించింది. నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే.

అంత చలిలో ఒంటరివి దాదాపు ఉండకూడదు. ఉంటున్నాయి! దారితప్పిన ఇన్‌ఫ్రారెడ్ వెలుగో, కాస్మిక్ కిరణమో జంటని చీలుస్తుంది. అలా విడిపోయినది దీవి మీదికి దూకితే లెక్క చెడుతుంది. దీనికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు పాయిజనింగ్, అంటే విషమెక్కడం.

మనకెందుకంటారా? అమరావతికి వస్తుందంటున్న ఐబీఎం క్వాంటమ్ కంప్యూటర్‌లోని క్యూబిట్లు ఈ దీవికి దగ్గరి చుట్టాలే. చార్జి తేడాలకి అంతగా చలించకుండా 2007లో యేల్‌లో వాటి నమూనా మార్చారు గానీ, ఒంటరి ఎలక్ట్రాన్ బెడద పూర్తిగా వదల్లేదు. కొందరు చిప్ వెనకవైపు రాగి పూస్తున్నారు. ఇటలీలో ఒక బృందమైతే సూపర్‌కండక్టింగ్ సర్క్యూట్లని గ్రాన్ సాస్సో కొండ కింద ఉన్న ల్యాబుకి మోసుకెళ్లి కొలిచింది. నెత్తిన 1.4 కిలోమీటర్ల రాయి, చుట్టూ సీసం. అక్కడ జంటలు చీలడం బాగా తగ్గింది.