ఎండ ఉండగానే

ఏప్రిల్ చివరికల్లా రైతుబజార్ల ముందు పెద్ద కత్తులు దిగుతాయి. కొన్న కాయను అక్కడే టెంకతో సహా ముక్కలు కొట్టి సంచిలో పోసి ఇస్తారు. ఇంటికొచ్చాక జీడి తీసి, లోపలి పొర తుడిచి, ముక్కలను పొడిబట్ట మీద ఆరబోస్తే ఆవకాయ పని మొదలైనట్టే. చిన్నరసాలా, తెల్లగులాబీయా, కొత్తపల్లి కొబ్బరా అని కాయ దగ్గర ఒక వాదన నడుస్తుంది. ఉప్పు దగ్గర ఇంకోటి.

ఇప్పుడు పట్టించుకోవలసింది ఈ రెండో వాదననే. ఇంట్లో బీపీ ఉన్నవాళ్లున్నారని ఉప్పు సగానికి తగ్గిస్తారు. కొవ్వని నూనె కోస్తారు. ఆషాఢం దాటకముందే జాడీలో తెల్లగా బూజు తేలుతుంది. మన చేతికి నిలవడం లేదనుకుని మరుసటి ఏడాది సీసా కొనుక్కుంటారు. వెనక చీటీ మీద 260, 211 అంకెలుంటే మొదటిది ఎసిటిక్ ఆమ్లం, రెండోది సోడియం బెంజోయేట్. ఇంట్లో ఉప్పూ నూనే చేయాల్సిన కాపలా పనిలో కొంత అక్కడ అవి చేస్తున్నాయి. చేతిదేం తప్పు లేదు, లెక్క తప్పింది.

ఆ లెక్క పెద్ద బ్రహ్మవిద్య కాదు. కిలో ముక్కలకు ఆవపిండి, కారం, ఉప్పు ఒక్కొక్కటి ఇంచుమించు పావుకిలో, నువ్వుల నూనె అర లీటరు. ఇంటింటికీ కాస్త ఎచ్చుతగ్గులున్నా వరస ఇదే. తెలంగాణలో చాలా ఇళ్లలో దీనికి అల్లం వెల్లుల్లి ముద్ద తోడవుతుంది, నూనె కాచి పోపు పెట్టి, పూర్తిగా చల్లారాక కలుపుతారు. కొలత ఏ ప్రాంతానిదైనా అందులో ప్రతి సరుకుకూ ఒక పని ఉంది.

ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. మూడోనాడు తిరగగలిపేసరికి అడుగున చేరే ఊట అదే. అంత ఉప్పదనం ఉన్న నీటిలో పాడుచేసే సూక్ష్మజీవులు చాలావరకు బతకలేవు. మామిడి పులుపు ఇంకో కాపలా. ప్రాణం తీసే బొట్యులిజం విషాన్ని తయారుచేసే బ్యాక్టీరియా, పీహెచ్ 4.6 కన్నా తక్కువ ఉన్నచోట పెరగదు. పుల్లటి పచ్చి మామిడిది 4 కన్నా తక్కువే. ఆవపిండికి తడి తగలగానే ముక్కుకెక్కే ఘాటు అల్లైల్ ఐసోథయోసయనేట్ అనే పదార్థం వల్ల వస్తుంది. బూజునూ బ్యాక్టీరియానూ అణిచే గుణం దానికుంది. పైన తేలే నూనె గాలి తగలనివ్వదు. బూజుకు గాలి కావాలి గనక ముక్క మునిగేదాకా నూనె పోయమని పెద్దవాళ్లు పట్టుబడతారు. పులుపూ ఉప్పూ లోహాన్ని తింటాయి గనక పింగాణీ జాడీ. దుమ్మూ తడీ చేరకుండా మూతిమీద వాసెన. తడి చెయ్యి తగలనివ్వకపోవడం చాదస్తం కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

మరి ఆరోగ్యం మాట? పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పై కొలతతో పెట్టిన ఆవకాయలో దాదాపు పదో వంతు ఉప్పే. 30 గ్రాములు కలుపుకుంటే 3 గ్రాముల ఉప్పు అక్కడే అయిపోయింది. కాబట్టి తగ్గించాల్సింది కంచంలో. జాడీలో తగ్గిస్తే పచ్చడి పోతుంది, పోయిన పచ్చడి తింటే ఒళ్లు పోతుంది. తక్కువ ఉప్పుతోనే కావాలంటే కొంచెంగా పెట్టుకుని, ఫ్రిజ్‌లో ఉంచి, త్వరగా తినేయాలి. పులుపేమీ లేకుండా నూనెలో వేసిన పచ్చి వెల్లుల్లిని మాత్రం బయట ఉంచడం ప్రమాదం. మన వంటింట్లో ఈ తేడా ముందునుంచీ ఉంది. రోటి పచ్చడి ఆ పూటకు, నిలవ పచ్చడి ఏడాదికి. ఆ రెంటినీ కలిపేయడం వల్లే ఇన్ని జాడీలు పాడవుతున్నాయి.

ఉప్పుకు తోడు ఎండ. బూడిద గుమ్మడి ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా బరువు కింద పెట్టేది నీరు కారడానికి. మర్నాడు మినప్పిండిలో కలిపి వడియాలుగా పెడితే మిగతా నీటిని ఎండ పీల్చేస్తుంది. పచ్చిమిర్చి మజ్జిగలో ఊరి, ఎండి, చల్ల మిరపకాయ అవుతుంది. మాగాయ ముక్క ఊట పిండించుకుని ఎండలో పడుకుంటుంది. ఆత్రేయపురంలో మామిడి రసాన్ని చాపల మీద పొర మీద పొరగా ఆరబెట్టి తాండ్ర చేస్తారు. కాకర, గోరుచిక్కుడు, వంకాయ ఒరుగులై కూరగాయలు దొరకని రోజులకు దాక్కుంటాయి. కరెంటు ఖర్చు లేని ఈ పనులన్నిటికీ రోహిణి కార్తె దాకా గడువు. తర్వాత మృగశిర, మబ్బులు.

ఈ తెలివి ఒక ఊరికి ఎంత బలమో చూడాలంటే సంగారెడ్డి జిల్లా జహీరాబాదు పక్కన పస్తాపూర్ చూడాలి. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళా రైతులు, ఎక్కువమంది దళితులు, జొన్న, కొర్ర, కంది విత్తనాలను బూడిద, వేపాకు కలిపి, మట్టీ పేడా అలికిన బుట్టల్లో దాచుకుంటారు. విత్తనం కోసం దుకాణం ముందు నిలబడాల్సిన అవసరం వాళ్లకు తప్పింది. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. గుప్పెడు బూడిదతో వచ్చిన స్వావలంబన అది.

పట్నంలో ఇదంతా కుదరకపోవడానికి కారణాలు రెండు. మొదటిది చోటు. అపార్ట్‌మెంట్ డాబాకు తాళం. బాల్కనీలో రెండు గంటల ఎండకు వడియం లోపల పచ్చిగానే ఉండిపోతుంది, డబ్బాలో పెట్టాక బూజు పడుతుంది. రెండోది శ్రమ. కారం దంచడం, ముక్క తుడవడం, జాడీ ఎత్తడం, సాయంత్రం వడియాల చీర మడవడం అన్నీ ఒక్క మనిషి నెత్తిన పడితే, ఆ మనిషి ఒకనాడు చాలు అనడంలో తప్పేముంది? అందరూ తినేదాన్ని అందరూ పెట్టాలి. ఆదివారం పూట మగవాళ్లూ పిల్లలూ కూర్చుంటే పది కిలోల కాయ మధ్యాహ్నానికి జాడీకెక్కుతుంది.

అందుకే ఈ వేసవికి రెండు పనులు. ఇంట్లో అమ్మో అత్తగారో గిద్దలతో, సోలలతో, గుప్పిళ్లతో కొలిచేటప్పుడు పక్కన కాటా పెట్టి, ప్రతి కొలతనూ గ్రాముల్లో తూచి ఒక నోటుపుస్తకంలో రాయండి, తేదీతో సహా. అపార్ట్‌మెంట్ సంఘాలవాళ్లు మే నెలాఖరు వరకు రోజూ పొద్దున డాబా తాళం తీయండి.