వెల యల్పమైన గుణ మల్పమగునా?

తక్కువవెల ఫిల్ము కెమేరాలు ఆటవస్తువులని కొందఱందురు. మేమందుల కంగీకరింపము. 1900 సంవత్సరమున నొక డాలరునకే లభించిన కొడాక్ బ్రౌనీ సామాన్యులకును ఛాయాచిత్రకళ నందించెను. 1967లో వెలువడిన చిన్ని ఒలింపస్ ట్రిప్ 35 బ్యాటరీ లేకయే వెలుతురును గొలుచును. పుంగనూరు ఆవు పొట్టిదైనంత మాత్రమునఁ బాలు పలుచనివా?

అయినను బరీక్షింపక కొనరాదు. కటకమున బూజుండరాదు, షట్టరు తడఁబడరాదు, వెనుకతలుపు సందున వెలుతురు చొరరాదు. పిదప నొక ఫిల్ముచుట్టతో మదనపల్లె చెంతనున్న హార్సిలీ కొండను, పుంగనూరిలో నీడనున్న యావును, కుప్పమున నొక ఱాతిగోడను దీసి చూడుఁడు. కొండయంచు చిత్రపు మూలలందును స్పష్టమై, ఆవుకన్ను కానవచ్చి, గోడవరుస వంగకున్నచో నా కెమేరా మేలైనదే.

ఫిల్ము ప్రియమైన యీ దినములలో విద్యార్థి కూడఁబెట్టిన సొమ్ము వ్యర్థము కారాదు. అవ్వ మొగమును జెఱచిన కెమేరాకు వెల తక్కువైననేమి, హెచ్చైననేమి?