అలిపిరి దాటుతున్న పొగ

2000 ఫిబ్రవరి 1 నాటికి దేశమంతటా పెట్రోలు బంకుల్లో సీసం కలిసిన పెట్రోలుకు తెరపడింది. ఆ రోజు చిత్తూరులో అంబాసిడర్ కారున్న పెద్దమనిషి గానీ, తిరుపతి లీలామహల్ సెంటర్లో బేరం కోసం చూస్తున్న ఆటో డ్రైవరు గానీ ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. ఎప్పటిలాగే బంకుకు పోయారు, ఎప్పటిలాగే పోయించుకున్నారు. కొత్త బండా, పాత బండా అని ఎవరూ అడగలేదు. చలానా రాయలేదు, సర్టిఫికెట్ చూపమనలేదు. నూనె శుద్ధి కర్మాగారాన్ని పట్టుకున్నారు, కోట్ల బండ్ల పొగలో సీసం పోయింది.

పాతికేళ్లు దాటిన సంగతిని ఇప్పుడు తవ్వడానికి కారణముంది. మిగిలిన పొగ విషయంలో ప్రభుత్వాలు పట్టిన దారి దీనికి పూర్తిగా తలకిందులు. కర్మాగారాల్ని, కంపెనీల్ని కట్టడి చేసినంత కాలం పని జరిగింది. రోడ్డెక్కిన బండి దగ్గరకొచ్చేసరికి బాధ్యతంతా పొల్యూషన్ సర్టిఫికెట్ అనే ఒక కాగితం మీద పెట్టి చేతులు దులుపుకున్నారు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఆ కాగితం పొగను ఆపడం లేదు. కాగితాన్ని నమ్ముకోవడం మాని, నడుస్తున్న బండి పొగను రోడ్డు మీదే కొలిచే పద్ధతి రావాలి. దానికి తిరుమల కొండ దారి మొదట్లో ఉన్న అలిపిరిని మించిన చోటు రాష్ట్రంలో లేదు. ముందుగా పట్టుకోవాల్సింది ప్రభుత్వ బండ్లనే.

సీసం కథలో మనకు పనికొచ్చేవి చాలా ఉన్నాయి. ఇంజన్ టకటకమని కొట్టుకోకుండా పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ కలపవచ్చని 1921లో అమెరికాలో జనరల్ మోటార్స్ ఉద్యోగి థామస్ మిడ్జ్‌లీ కనిపెట్టాడు. సీసం విషమన్నది అప్పటికే లోకానికి తెలుసు. 1924లో న్యూజెర్సీలో దాన్ని తయారుచేసే చోట కార్మికులు మతి చలించి చనిపోయారు కూడా. అయినా చవక కాబట్టి లోకమంతా వాడింది. పసిపిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుందని వైద్యులు ఎంత మొత్తుకున్నా దశాబ్దాలు గడిచిపోయాయి. మన దేశంలో ఒకప్పుడు లీటరు పెట్రోలులో 0.56 గ్రాముల దాకా సీసం ఉండేది. తర్వాత 0.15 గ్రాములకు, చివరికి 0.013కు దిగింది. సుప్రీంకోర్టులో పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యం లేకపోతే ఈ మాత్రం వేగం కూడా ఉండేది కాదు. 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు, కొత్త కార్లకు పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరు ఒకేసారి వచ్చాయి. ఆ రెండూ జంటగా రావాల్సిందే. కన్వర్టరు లోపల ప్లాటినం పూత ఉంటుంది, దాని మీద సీసం పేరుకుంటే ఆ పరికరం చచ్చిపోతుంది. ప్రపంచంలో అందరికంటే చివరగా అల్జీరియా 2021లో సీసం పెట్రోలు మానేసింది.

పాత బండ్లవాళ్లు అప్పట్లో భయపడ్డారు. లెడ్డు లేకపోతే వాల్వు సీట్లు అరిగిపోతాయని మెకానిక్కులు చెప్పేవారు. అది ఉత్తి పుకారు కాదు. వాల్వుకూ సీటుకూ మధ్య సీసం పలుచటి పొరలా పనిచేసేది. పోత ఇనుము హెడ్డున్న పాత ఇంజన్లు ఎక్కువ వేగంతో, ఎక్కువ బరువుతో నడిస్తే సీటు అరగడం నిజమే. కొందరు గట్టి సీట్లు వేయించుకున్నారు. మన ఊళ్ల వేగాలకు చాలామందికి ఆ అవసరమే రాలేదు. ఇంకో చిక్కు గురించి మాత్రం అప్పట్లో జనానికి ఎవరూ పెద్దగా చెప్పలేదు. సీసం తీసేసినచోట ఆక్టేన్ (ఇంజన్ కొట్టుకోకుండా ఆపే గుణం) నిలబెట్టడానికి బెంజీన్ వంటి పదార్థాల పాలు పెరిగే వీలుంది. బెంజీన్ క్యాన్సర్ తెచ్చే రసాయనం. కన్వర్టరు లేని పాత బండిలో పోస్తే అది పొగగొట్టం లోంచి నేరుగా వీధిలోకి వస్తుంది. ఆ తర్వాత పెట్రోలులో బెంజీన్‌ను ఒక శాతానికి కట్టడి చేయాల్సి వచ్చింది. అంటే ఇంధనం మారినప్పుడల్లా పాత బండి సంగతి వేరుగా ఆలోచించాలి. ఈ రోజు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు గురించి పాత కాలుష్య ప్రమాణమైన బీఎస్-3 బైకువాడు అడుగుతున్న ప్రశ్న కూడా ఇదే. రబ్బరు పైపులు, సీళ్లు ఏమవుతాయి, మైలేజీ ఎంత పడిపోతుంది అని అడిగితే దబాయింపు తప్ప సూటి జవాబు రావడం లేదు. అది మరో రోజు రాయాల్సిన సంగతి.

2020 ఏప్రిల్ 1 నుంచి మన బంకుల్లో దొరికేది బీఎస్-6 ఇంధనం. డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 50 నుంచి 10కి దిగింది. కుప్పంలో పోయించుకున్నా, సూళ్లూరుపేటలో పోయించుకున్నా అదే. కొత్త లారీలో ఆ డీజిల్ పొగను వడకట్టే ఫిల్టరు ఉంది, యూరియా ద్రావణంతో నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టే ఏర్పాటు ఉంది. పదిహేనేళ్ల కిందటి లారీలో ఇవేవీ లేవు. కొత్తవాటిలో ఉన్నవి కూడా ఎన్నాళ్లుంటాయో నమ్మకం లేదు. యూరియా పోసే ఖర్చు మిగులుతుందని ఆ వ్యవస్థనే పనిచేయకుండా చేసి తిప్పేవాళ్లున్నారు. కన్వర్టరు పీకి ఉత్త సైలెన్సరు బిగించుకునే కార్లవాళ్లున్నారు. మంచి డీజిల్ ఇచ్చాక బండిని చూసే బాధ్యత ప్రభుత్వానిది. అక్కడే మొత్తం వ్యవస్థ చేతులెత్తేసింది.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలా పుడుతుందో అందరికీ తెలిసిన రహస్యమే. బంకు పక్కన ఒక పాత వ్యాను, లోపల ఒక కంప్యూటరు, ఒక కుర్రాడు. బండి నంబరు ప్లేటు కనిపించేలా ఫొటో తీస్తాడు. గొట్టం పొగలోకి పోయిందా, బంపరు మీద ఆనిందా అన్నది అతని ఓపికను బట్టి ఉంటుంది. ప్రింటరు నుంచి కాగితం వస్తుంది, డబ్బులు చేతులు మారతాయి. డీజిల్ బండికి నిజంగానే పరీక్ష చేసినా ఒక కిటుకుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటరు ఒక్కసారిగా పూర్తిగా తొక్కాలి. అప్పుడు ఎగసే పొగ ఎంత చిక్కగా ఉందో యంత్రం కొలుస్తుంది. బీఎస్-4కు ముందటి బండికి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, ఆ తర్వాతి వాటికి 50 దాటకూడదు. తొక్కేది డ్రైవరు. సగం తొక్కి వదిలేస్తే ఎంత ముసలి ఇంజనైనా పాసే. గుండెకు హాని చేసే సన్నటి ధూళిని గానీ, నైట్రోజన్ ఆక్సైడ్లను గానీ ఈ పరీక్ష కొలవనే కొలవదు. పాత బండికి ఆరు నెలలకోసారి, బీఎస్-4, బీఎస్-6 బండికి ఏడాదికోసారి ఈ తంతు నడుస్తుంది. కాగితం లేకపోతే 10 వేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు అని 2019లో చట్టం సవరించారు. శిక్ష పెరిగేకొద్దీ కాగితం కొనేవాళ్లు పెరిగారు తప్ప ఇంజన్ బోరు చేయించేవాళ్లు పెరగలేదు.

ఇక అలిపిరి సంగతి. చాలా పట్టణాలకు లేని సౌకర్యం తిరుపతికుంది. కొండకు పోయే ప్రతి బండీ అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర ఆగాలి. సామాను దించాలి, స్కానర్‌లో పెట్టాలి, మళ్లీ ఎక్కించుకోవాలి. సిగరెట్టు పెట్టె కూడా దాటదు. కానీ నల్లటి పొగ కక్కే టెంపో ట్రావెలర్ దాటిపోతుంది. కొంచెం ముందుకు పోగానే శేషాచలం అడవి మొదలవుతుంది. బరువుతో, తక్కువ గేరులో ఎత్తుకు ఎక్కేటప్పుడే డీజిల్ ఇంజన్ అసలు రంగు బయటపడుతుంది. పంపు సెట్టింగు పెంచి, నాజిళ్లు అరిగిపోయిన బండి ఘాట్‌లో రెండు మలుపులు తిరిగేసరికి వెనకున్న బైకువాడికి దారి కనిపించదు. మెట్ల దారి భక్తులు కూడా ఘాట్ రోడ్డు పక్కన నడిచే చోట్లున్నాయి. అప్పుడప్పుడూ స్పెషల్ డ్రైవ్ పెట్టి, మీటరు పట్టుకుని ఫొటోలు దిగితే ఇది తీరేది కాదు.

పొగ కొలవడానికి బండిని ఆపాల్సిన పని కూడా లేదు. రోడ్డుకు అడ్డంగా పరారుణ, అతినీలలోహిత కిరణాలు పంపి, దాటిపోతున్న బండి పొగను అర సెకనులో అంచనా వేసే యంత్రాలున్నాయి. పక్కనే కెమెరా నంబరు పట్టుకుంటుంది. కోల్‌కతాలో ఎన్నో ఏళ్ల కిందటే వాడారు. కాస్త ఎత్తు ఎక్కే రోడ్డు మీద, ఇంజన్ మీద భారం ఉన్నచోట ఈ యంత్రం బాగా పనిచేస్తుంది. రెండో ఘాట్ రోడ్డు మొదలు దానికి సరిగ్గా సరిపోతుంది. ఇక్కడ సగం తొక్కి వదిలేసే కిటుకు సాగదు. సగం తొక్కితే బండి కొండెక్కదు.

చేయాలనుకుంటే చేయగలరనడానికి 2022 సాక్ష్యం. ఆ ఏడాది బ్రహ్మోత్సవాల సమయంలో ఆర్టీసీ తిరుపతికి వంద ఎలక్ట్రిక్ బస్సులు తేవడం మొదలుపెట్టింది. వాటిలో సగం కొండ దారికి ఇచ్చింది. ఘాట్‌లో ఎలక్ట్రిక్ బస్సు ఎక్కలేదని పెదవి విరిచినవాళ్లు తర్వాత మాట్లాడలేదు. దిగేటప్పుడు బ్రేకు నొక్కిన శక్తి తిరిగి బ్యాటరీలోకి పోతుంది కాబట్టి కొండ దారి దానికి అనుకూలమే. మరి మిగిలిన డీజిల్ బస్సుల మాటేమిటి? కార్పొరేషన్ చెత్త ట్రాక్టర్ల మాటేమిటి? 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదని కేంద్రం నియమం పెట్టింది. మన రెండు జిల్లాల్లో ఏ శాఖ దగ్గర అలాంటివి ఎన్నున్నాయో, ఎన్ని తుక్కుకు పోయాయో కలెక్టర్లు బయటపెట్టాలి. ప్రభుత్వ బండి పొగ కక్కుతూ పోతుంటే దాని వెనకున్న ఆటోవాణ్ణి ఆపి చలానా రాయడానికి ఏ అధికారికైనా నోరెలా వస్తుంది?

చిత్తూరుది మరో అవస్థ. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమంలో రాష్ట్రం నుంచి 13 పట్టణాలున్నాయి. చిత్తూరు అందులో ఉంది. తిరుపతి లేదు. ఏటా కోట్ల మంది యాత్రికులు వచ్చిపోయే ఊరికి జాబితాలో చోటు లేకపోవడం ఒక వింత. చోటు దక్కిన చిత్తూరులో రోడ్ల మీద మార్పు కంటికి ఆనకపోవడం ఇంకో వింత. గంగినేని చెరువు దగ్గర గాలిని కొలిచే కేంద్రం ఉంది. అంకెలు ఢిల్లీకి పోతాయి. జూన్ నెలలో తోతాపురి కోతలు మొదలైతే గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు, మినీ లారీలు పొద్దుటి నుంచి రాత్రి దాకా బారులు తీరతాయి. నాలుగడుగులు జరగడం, ఆగడం, మళ్లీ స్టార్టు చేయడం. ఆ పొగంతా డ్రైవర్లు, కూలీలు, పక్క ఊరివాళ్లు పీల్చాల్సిందే. టోకెన్ ఇచ్చి, ఫలానా గంటకు రమ్మని సెల్‌ఫోన్‌కు కబురు పెడితే తీరే సమస్య ఇది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.

పాత బండ్లన్నీ ఎత్తి పారేయమని మేము అనడం లేదు. ఢిల్లీలో పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోలు బండ్లను వయసు చూసి నిషేధించి, ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు తిరిగి, వేళకు సర్వీసు చేయించుకునే రిటైర్డ్ మాస్టారి మారుతి కన్నా, మూడేళ్లకే ఫిల్టరు పీకేసిన లారీ ఎక్కువ హాని చేస్తుంది. వయసును పట్టించుకోవడం తేలిక, పొగను కొలవడం కష్టం. తేలికైన పని చేసి కష్టమైనది వదిలేయడం మన యంత్రాంగానికి అలవాటు. వయసు రాసుకున్న కాగితాన్ని కూడా ఎంత నమ్మాలో రాయలసీమ వాళ్లకు తెలుసు. బీఎస్-3 లారీల అమ్మకాన్ని సుప్రీంకోర్టు 2017లో ఆపేశాక, వాటిని తుక్కు కింద కొని, నాగాలాండ్‌లో బీఎస్-4గా రిజిస్టరు చేయించి అనంతపురానికి తెచ్చారన్న అభియోగంపై 2020లో కేసులు పెట్టారు, అరెస్టులు జరిగాయి. రికార్డులో రాసిన బీఎస్ అంకెను పొగ కొలిచే యంత్రం పట్టించుకోదు. పొగగొట్టం ఏం చెబితే అదే రాస్తుంది.

లారీ యజమానుల ఒత్తిడి మీద రాష్ట్ర ప్రభుత్వం పాత వాహనాల మీద హరిత పన్నును 2025లో బాగా తగ్గించింది. పన్ను తగ్గించడాన్ని మేము తప్పుపట్టం. ఆ పన్ను పొగను తగ్గించలేదు, బతుకుదెరువును మాత్రం బరువు చేసింది. కానీ రాయితీ ఇచ్చేటప్పుడు ఒక షరతు పెట్టి ఉండాల్సింది. పొగ పరీక్షలో నెగ్గినవాడికి తక్కువ పన్ను, ఓడినవాడికి పాత పన్ను అని ఉంటే పంపు క్యాలిబ్రేషన్ షాపుల ముందు వరస కట్టేవాళ్లు. ఇప్పటికైనా ఆ తేడా తేవచ్చు.

ఎలక్ట్రిక్ ఆటోలు వస్తే అంతా మంచేనని అనుకునేవారికి ఒక మాట. చవక ఈ-ఆటోల్లో చాలావాటికి లెడ్ బ్యాటరీలే. పెట్రోలు నుంచి తరిమేసిన సీసం ఆ దారిలో తిరిగి రాగలదు. పాత బ్యాటరీని ఊరి బయట పెంకుల్లో కరిగించే చోట సీసం నేలలోకి, పిల్లల ఒంట్లోకి పోతుంది. పెద్ద కర్మాగారాల మీద కూడా ఈ గొడవ మన జిల్లాకు కొత్తది కాదు. 2021లో కరకంబాడి, చిత్తూరు దగ్గర నూనెగుండ్లపల్లెలలోని బ్యాటరీ ప్లాంట్లను మూసేయమని కాలుష్య నియంత్రణ మండలి ఉత్తర్వులిచ్చింది, హైకోర్టు వాటిని నిలిపివేసింది. రాజకీయం పాలెంత, నిజం పాలెంత అని జనం అప్పుడు వాదించుకున్నారు. ఆ వాదన ఎటు తేలినా, పాత బ్యాటరీ తిరిగి కంపెనీకే చేరాలని 2022 నాటి నియమాలు చెబుతున్నాయి. అవి ఆటో స్టాండు దాకా రావాలి.

వచ్చే బ్రహ్మోత్సవాలకు ముందే అలిపిరి దాటాక ఘాట్ మొదట్లో పొగ కొలిచే ఆ యంత్రం పెట్టాలి. ఖర్చు టీటీడీ, రవాణా శాఖ, కాలుష్య నియంత్రణ మండలి పంచుకోవచ్చు. మొదటి మూడు నెలలు ఎవరికీ జరిమానా వద్దు. పరిమితి దాటిన బండివాడికి సెల్‌ఫోన్‌లో నోటీసు, మరమ్మతుకు ముప్పై రోజులు గడువు ఇస్తే చాలు. రెండోసారి కూడా అదే పొగ వస్తే ఆ బండి అలిపిరిలో ఆగాలి, ప్రయాణికులు ఎలక్ట్రిక్ బస్సులో కొండెక్కాలి. ఆ బండికి సర్టిఫికెట్ ఇచ్చిన కేంద్రం లైసెన్సు అదే రోజు రద్దు కావాలి. మొదటి నెల ఫలితాల్లో ఆర్టీసీ, టీటీడీ, కార్పొరేషన్ బండ్ల నంబర్లను విడిగా ప్రకటించాలి. మేము వాటిని ఈ పేజీలోనే అచ్చు వేస్తాం.