పదిమందే ఉన్నా బడి బడే

ఏటా జూన్ వచ్చేసరికి ఒకే మాట వినిపిస్తుంది. "పదిమంది పిల్లల కోసం ఒక బడా? పక్క ఊరి బడిలో కలిపేస్తే పోలా?" అధికారులే కాదు, అలాంటి బళ్లలోనే ఓనమాలు దిద్ది పట్నం చేరినవాళ్లూ ఇదే అంటున్నారు. వినడానికి ఇది పక్కా లెక్కలా ఉంటుంది. ఆ లెక్కే తప్పు.

ముందు వాళ్ల వాదనలో నిజమెంతో ఒప్పుకుందాం. ఒక్క టీచరు అయిదు తరగతులకు చెప్పడం కష్టం. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే అయిదో తరగతి భాగహారం ఆగిపోతుంది. సారు మీటింగుకని మండలానికి వెళ్తే ఆ రోజు చదువు లేనట్టే. 2016-17లో దేశంలో 1,08,017 ఏకోపాధ్యాయ పాఠశాలలున్నాయని 2020 జాతీయ విద్యా విధానమే రాసింది. సిగ్గుపడాల్సిన సంగతే. కానీ ఎవరు సిగ్గుపడాలి? 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లుండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చెబుతోంది. రెండో టీచరును ఇవ్వని తప్పు సర్కారుది, శిక్ష మాత్రం బడికి.

పిల్లలు లేకే బడి మూతపడుతోందన్నది సగం నిజం. కాన్పులు తగ్గిన మాట వాస్తవమే. అయినా చాలాచోట్ల జరిగే వరస వేరు. ఖాళీ అయిన పోస్టు నింపరు. ఒక్క టీచరే మిగులుతారు. చదువు కుంటుపడుతుంది. కాస్త చేతిలో డబ్బున్నవాళ్లు పిల్లల్ని ప్రైవేటు బడి వ్యాను ఎక్కిస్తారు. హాజరు పట్టీలో పేర్లు తగ్గుతాయి. అప్పుడు పోస్టుల సర్దుబాటు (రేషనలైజేషన్) వచ్చి, పిల్లలు లేరని ఉన్న పోస్టునూ పట్టుకుపోతుంది. చెరువు కట్ట తెంచి, నీళ్లు లేని చెరువెందుకని అడిగినట్టుంది.

ఇక మిగిలేది వ్యాను ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలు. తండాల్లో, గూడేల్లో, ఎస్సీ కాలనీల్లో ఉండేవాళ్లు. "కిలోమీటరే కదా" అంటారు. మ్యాపు మీద గీసిన కిలోమీటరుకు వాగు అడ్డం రాదు, లారీలు అడ్డం రావు. ఆరేళ్ల పిల్లకు వస్తాయి. తెల్లారకముందే కూలికి పోయే తల్లి చేయి పట్టుకుని దిగబెట్టలేదు. బడి ఎదురుగా ఉంటే తమ్ముణ్ణి చంకనేసుకునైనా వచ్చి కూర్చునే పిల్ల, అది దూరమైతే తమ్ముడితో పాటు ఇంట్లోనే ఉండిపోతుంది.

2022లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 117 కింద 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలల్లో కలిపినప్పుడు ఎన్నో ఊళ్లలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. చైనా 2001 నుంచి పల్లె బళ్లను పెద్దయెత్తున కలిపేసి, 2012లో గుడ్డిగా విలీనం చేయొద్దని తానే ఉత్తర్వులిచ్చింది. ఈ పాఠం మళ్లీ మన పిల్లల మీద పెట్టి నేర్చుకోనక్కర్లేదు.

హాజరు పట్టీకి ఎక్కని లెక్క మరొకటుంది. ఓట్లనాడు పోలింగ్ కేంద్రం ఆ బడే. తుఫానొస్తే తలదాచుకునేదీ అక్కడే. మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్లకు అది పని. కులానికో వీధి, కులానికో శ్మశానం ఉన్న ఊళ్లో అందరి పిల్లలూ ఒకే పంక్తిలో కూర్చుని తినగలిగే చోటు అది. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులుండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి అంటోంది చట్టం. నాట్లకు పోయే తల్లి "మా బడికి నీళ్లెందుకు రావడం లేదు?" అని నిలదీయగలిగే సర్కారు గడప ఊళ్లో అదొక్కటే. బడి తరలిపోతే ఆ గడపలో ఆమె పొరుగూరి మనిషి. చిన్నపిల్లలున్న జంటలు మండల కేంద్రంలో అద్దె ఇల్లు చూసుకుంటారు. ఊరు ముసలివాళ్లకు మిగులుతుంది.

దారి లేక కాదు. చుట్టుపక్కల బళ్లను ఒక సముదాయంగా ముడివేసి వనరులు పంచుకోమని 1964-66 నాటి కొఠారి కమిషన్ చెప్పింది. 2020 విధానం మళ్లీ చెప్పింది. ఆటల టీచరు, లైబ్రరీ పుస్తకాలు, సైన్సు సామాను వారానికోసారి ఊరూరా తిరగొచ్చు. తిరిగే శ్రమ పెద్దవాళ్లు పడాలి, పసిపిల్లల మీద వేయకూడదు. రెండు మూడు తరగతులను కలిపి కూర్చోబెట్టి చెప్పే పద్ధతిలో టీచర్లకు గట్టి శిక్షణ ఇవ్వాలి.

కాబట్టి బడి మూయాలనేవారిని ఒక్కటే అడుగుతున్నాను. ముందు రెండో టీచరును పంపండి. ఇద్దరూ ఏటా జూన్‌లో ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పిలవనివ్వండి. మూడేళ్లు ఆగండి. ఆ తర్వాత హాజరు పట్టీ తెరిచి లెక్కపెట్టండి.