అనుమతి బావికా, నీటికా?

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని అరిజోనాయందు వ్యవసాయపు కంపెనీల బావులనుగూర్చి కొన్నియేండ్లుగా జరుగుచు వచ్చిన వివాదము మనదేశమున వింతవార్తగానే చెల్లిపోయినది. ఒక ఎడారివారు మఱియొక ఎడారికి పోయి, అచ్చట గడ్డి పెంచి, ఆ గడ్డిని ఓడలకెత్తి సముద్రములు దాటించి తమ ఆవులకు మేపుచున్నారనగా ఎవరికైనను నవ్వు వచ్చును. కాని ఈ కథలో నవ్వదగిన భాగము స్వల్పము. బావులు గల ప్రతి భూస్వామియు, నీటి శాసనములు చేయు ప్రతి శాసనసభ్యుడును తనకై చదువుకొనవలసిన భాగము మెండుగా నున్నదని మా యభిప్రాయము.

మొదట ఆ గడ్డి కథ వినవలెను. సౌదీ అరేబియా ప్రభుత్వము 1980 ప్రాంతమున గోధుమపంటలో పరదేశముల నాశ్రయింపరాదని సంకల్పించి, సేద్యగాండ్రకు ధారాళముగా ధనసహాయము చేసి, ఇసుకనేలల క్రింద వేలయేండ్లుగా నిలిచియున్న నీటిని పైకి తోడించెను. కొలది కాలములోనే ఆ దేశము గోధుమ నెగుమతిచేయు దేశములలో ఆఱవ స్థానమున కెక్కినది. వానలేని చోట తోడిన నీటికి మరల ఊట రాదు. 2008లో ఆ ప్రభుత్వమే తన పొరపాటును గుర్తించి, దేశీయపు గోధుమ కొనుగోలును ఏటేట తగ్గించి 2016 నాటికి నిలిపివేయ నిశ్చయించెను. పిమ్మట పచ్చిమేతల సాగునకును అదే గతి పట్టినది. సంకల్పము మంచిదే, అయినను పాడిపశువులకు మేత కావలయును గదా! ఆ దేశపు గొప్ప పాలకంపెనీయగు అల్మరాయ్ 2014లో అరిజోనా రాష్ట్రమున లా పాజ్ జిల్లాలోని విక్స్‌బర్గ్ దగ్గఱ సుమారు 9,800 ఎకరముల భూమిని 4 కోట్ల 75 లక్షల డాలరులకు కొనినది. దాని శాఖయగు ఫాండమాంటి కంపెనీ సమీపముననే బట్లర్ లోయలో రాష్ట్రప్రభుత్వమువారి భూములను సుమారు 3,500 ఎకరములు కౌలునకు పుచ్చుకొనినది. కౌలు ఎకరమునకు ఏటికి 25 డాలరులు. ఆ భూమి క్రింది నీటికి మాత్రము ఒక్క దమ్మిడీయైనను లేదు.

పెంచినది లూసర్ను గడ్డి. మన పాడిరైతులకు అది తెలియనిది కాదు. ఒకసారి విత్తిన కొన్నియేండ్లు కోతకు వచ్చును, కోసినకొలది చిగిర్చును, తడి ఆఱిన ఓర్వదు. అరిజోనా యెండలలో అది ఎకరమునకు ఏటికి సుమారు ఆఱడుగుల నీటిని త్రాగును. కనుక ఓడలకెక్కిన గడ్డిమోపులు నిజమునకు నీటిమూటలే. ఈ భూములలో ఒక విశేషము కూడ కలదు. ప్రభుత్వపు ఆ భూములు ముఖ్యముగా బడుల పోషణకై ధర్మకర్తృత్వమున నుంచబడినవి. అదిగాక బట్లర్ లోయలోని నీటిని అవసరమైనపుడు నగరములకు తరలించుకొనుటకు 1991 నాటి శాసనమే వీలు కల్పించినది. పిల్లల చదువునకును పట్టణముల దాహమునకును నిలువయుంచిన సొమ్ము పశువుల దొడ్డికి పోయినదన్న మాట.

ఇట్టిది చట్టవిరుద్ధముగా జరిగినదా? అట్లు కాదు. తాము చట్టమును దాటలేదని కంపెనీవారు చెప్పుచు వచ్చిరి. చట్టమే ఎట్టిదో చూచిన ఆ మాటలోని బలము తెలియును.

1952లో అరిజోనా ఉన్నతన్యాయస్థానము భూగర్భజలము ప్రజలయాస్తియని తీర్పు చెప్పినది. మఱుసటియేట అదే వ్యాజ్యమును పునర్విచారణ చేసి, ఆ జలము పై భూమి గలవానిదేయని, వాడు దానిని యుక్తముగా వాడుకొనవచ్చునని తీర్పును త్రిప్పివ్రాసినది. ఒక్క సంవత్సరములో నీటికి యజమాని మాఱినాడు. 1980లో కేంద్రప్రభుత్వము కొలరాడో నది కాలువకు డబ్బియ్యమని బెదరింపగా, గవర్నరు బ్రూస్ బాబిట్ కాలమున భూగర్భజల శాసనమొకటి పుట్టినది. ఫీనిక్స్, టూసాన్ మొదలగు ప్రాంతములను అదుపు మండలములుగా ఏర్పఱచి, అచ్చట క్రొత్తగా సాగుభూమిని పెంచరాదనియు, పెద్ద బావులకు కొలతమీటరు ఉండవలెననియు విధించిరి. ఇది మెచ్చదగిన పని. ఆ మండలములలో కూడ నిమిషమునకు 35 గ్యాలనులకు మించని చిన్నబావికి మీటరు బాధ లేదు. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొన కోరెదము. దానితో మాకు పిమ్మట పని కలదు.

కాని రాష్ట్రభూమిలో నూటికి సుమారు 80 వంతులు ఆ మండలములకు వెలుపలనే మిగిలిపోయినది. లా పాజ్ జిల్లాయు అట్లే మిగిలినది. అచ్చట బావి త్రవ్వదలచినవాడు తన యుద్దేశమును తెలుపుచు ప్రభుత్వమునకొక కాగితము దాఖలు చేయవలెను. ఎచ్చట త్రవ్వుదువు, ఎంతలోతు, గొట్టము ఎంత వెడల్పు, త్రవ్వువాడెవడు అని ఆ కాగితమడుగును. ఏటికెంత తోడుదువని అడుగదు. పొరుగువాని బావి ఎంతలోతున నున్నదని అడుగదు. వివరములు సరిపడిన అనుమతి లభించును. ఇట్టిదానిని అనుమతియనుటకంటె రసీదు అనుట యుక్తము. కచ్చేరిలో ముద్ర పడినంతమాత్రమున నీటికి కాపలా దొరకినదనుకొనుట ప్రజల భ్రమ. ఆ భ్రమను పోగొట్టుటలో ఏ ప్రభుత్వమునకును తొందర యుండదు.

ప్రజలలో కలవరము హెచ్చిన పిమ్మట 2023లో అధికారులు మేల్కొనిరి. ఆ యేటి ఏప్రిలులో కంపెనీ క్రొత్తగా త్రవ్వనెంచిన రెండు లోతుబావుల అనుమతులు రద్దయినవి. నీరు చాలదని కాదు. దరఖాస్తులలో పొసగని వ్రాతలున్నవని. అక్టోబరులో గవర్నరు శ్రీమతి కేటీ హాబ్స్ బట్లర్ లోయ కౌలుపట్టాలలో ఒకదానిని రద్దుచేసి, తక్కిన మూడింటిని 2024 ఫిబ్రవరిలో గడువు తీరిన పిమ్మట పొడిగింపబోమని ప్రకటించిరి. రద్దునకు చూపిన కారణము వినిన పాఠకులు విస్తుపోవుదురు. చమురు నిలువచేయు పీపాలచుట్టు, అది ఒలికిన పట్టియుంచుటకు కట్టవలసిన రక్షణకట్టడము కట్టలేదట! 2016లోనే ఈ లోపమును చూపి తాఖీదు ఇచ్చియుండిరట. ఏడేండ్లు ఊరకుండి, రాష్ట్రమంతయు గగ్గోలుపెట్టిన పిదప, తోడిన నీటిని వదలి ఒలుకబోవు చమురును పట్టుకొనవలసివచ్చినది. అధికారులను మేము పరిహసించుట లేదు. చట్టము వారిచేతికి మఱి యే ఆయుధమును ఇయ్యలేదు.

కౌలుభూములు పోయినను కొన్న భూములు పోలేదు. విక్స్‌బర్గ్ దగ్గఱ రానెగ్రాస్ మైదానమున కంపెనీ సొంత బావులున్నవి. 2024 డిసెంబరులో అటార్నీ జనరల్ శ్రీమతి క్రిస్ మేయెస్ ఆ పంపులమీద దావా వేసిరి. ఏ నీటిశాసనమును బట్టి వేయగలరు? సర్వజనులకు కీడుచేయు పని అను ప్రాచీన న్యాయసూత్రమును బట్టి వేసిరి. వీథిలో పేడకుప్ప వేసినవానిమీద వేయుదురే, అట్టిది. బావులెండినవనియు, నేల క్రుంగుచున్నదనియు, ఆ మైదానమున 2023లో తోడబడిన నీటిలో నూటికి 80 వంతులకు పైగా ఈ యొక్క కంపెనీయే తోడినదనియు ఫిర్యాదులో చెప్పబడినది. ఆ నీరు సుమారు 31,000 ఎకరపుటడుగులు. మన లెక్కలో ఒకటింబావు టి.ఎం.సి.కి పైమాట. రిజర్వాయరులలో ఒక్క టి.ఎం.సి. కొఱకు రెండు రాష్ట్రముల ఇంజనీర్లు వాదులాడుకొనుట చూచిన మన పాఠకులకు ఆ మొత్తమెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

విదేశీయులు వచ్చి దేశపు నీటిని కొల్లగొనిపోవుచున్నారనెడి కేక ఈ వివాదమున అన్నిటికంటె గట్టిగా వినిపించినది. పరదేశపు కంపెనీలను నమ్మి చెడిన అనుభవము మనకు ఎవరికంటె నెక్కువ. ఆ కేకలోని బాధను మేమెఱుగుదుము. అయినను ఇక్కడ ఆ కేక దారి తప్పించునని మా భయము. అదే అరిజోనాలో ఆగ్నేయముననున్న విల్కాక్స్ లోయకు దృష్టి మరల్చుడు. అచ్చట బావులను అడుగంటించుచున్నవని జనులు మొఱపెట్టినది విదేశీయులమీద కాదు. అమెరికాలోనే మఱియొక రాష్ట్రమునుండి వచ్చిన పాడికంపెనీమీదను, తమ పొరుగుననే వెలసిన పెద్ద తోటలమీదను. నీటికి ఆవు ఏ దేశపుదో తెలియదు. 2022 నవంబరులో ఆ లోయను అదుపు మండలము చేయుదమాయని ప్రజలయోటు అడుగగా, బావులెండుచున్న ఆ ప్రజలే వలదనిరి! పొరుగుననున్న డగ్లస్ లోయవారు మాత్రము ఒప్పుకొనిరి. విల్కాక్స్‌వారు కాదనుటకు కారణము ఊహింప కష్టము కాదు. కంపెనీని పట్టుకొను చేయి రేపు నా బావిదాక వచ్చునేమో యని ప్రతి రైతుకును శంక. రెండేండ్లు గడచి, నీరు మఱింత దిగిన పిమ్మట, 2024 డిసెంబరులో జలవనరుల శాఖవారే తమ యధికారముచేత ఆ లోయను మండలముగా ప్రకటింపవలసివచ్చినది.

ఆ శంక మన భూస్వాములకు లేదా? కలదు. ఇక్కడనే మేము మన పాఠకులతో నిర్మొగమాటముగా మాటలాడదలచినాము. నా భూమి క్రింది నీరు నాది, ఎంతైనను తోడుకొందునను హక్కు మనకు 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టమునుండి సంక్రమించినది. తెల్లదొరలు తమ దేశపు న్యాయసూత్రమును తెచ్చి మన నేలలో నాటిరి. దానిని మనము మన తాతలనాటి హక్కువలె గుండెల కదుముకొనినాము. కాని తాతలనాడు మోటబావి యుండెను, ఎద్దుల బలమే దానికి మేర. ఎద్దు అలసిన నీరు మిగిలెడిది. వేయియడుగుల బోరునకు అలసటయన నేమో తెలియదు. నా అయిదెకరముల క్రింది నీరు నాదనునట్టి సూత్రమే అయిదువేల యెకరముల కంపెనీకిని కవచము. ఆ సూత్రమున చిన్నవానికి దక్కినది మాట, పెద్దవానికి దక్కినది నీరు. అరిజోనాలో 1953 తీర్పునకు సంతోషించిన సేద్యగాండ్ర మనుమలే నేడు ఎండిన బావులను చూచుచున్నారనినను అతిశయోక్తి కాదు.

మన దేశమున భూగర్భజలము మితిమీరి తోడబడకుండ చూచుటకు 1997లో కేంద్ర భూగర్భజల ప్రాధికారసంస్థ ఏర్పడినది. 2020 సెప్టెంబరులో వెలువడిన కేంద్రప్రభుత్వపు నిబంధనలు కర్మాగారములకును గనులకును అనుమతిని విధించి, వ్యవసాయమును మినహాయించినవి. రైతును కచ్చేరులచుట్టు త్రిప్పరాదనెడి తలంపు సాధువే. కాని వ్యవసాయమనగా నేమి? అరకతో దున్ని బోరుక్రింద రెండెకరముల వరి పండించు బోయవాని పనియు, యంత్రములతో వేల యెకరముల గడ్డి కోయు కంపెనీ పనియు ఒక్క మాటలో నిముడునా? మాట ఒక్కటే యగుటచేత తలుపును ఒక్కటే. రైతు కొఱకు తెఱచిన తలుపులోనుండి దూరువాడు రైతే యని ఎవరు పూచీ పడుదురు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2002లో పుట్టిన జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము, అనగా జనులు వాల్టా యని పిలుచునది, ఇంతకంటె మేలు. దానిప్రకారము బావులు నమోదు కావలెను. క్రొత్త బావికి అనుమతి కావలెను. ప్రజల మంచినీటి బావికి 250 మీటరుల లోపల మఱియొక బావి త్రవ్వరాదు. నీరు మితిమీరి తోడబడిన ప్రాంతములలో క్రొత్త బావులను నిషేధించు అధికారమును కలదు. కాగితముమీద ఇది ఎంతయు సొంపుగా నున్నది. అది ఎంతవరకు అమలు జరుగుచున్నదో, వేసవిరాత్రులందు ఊరిబయట బోరులారీల మ్రోత వినువారెఱుగుదురు. 2004 మొదలు వ్యవసాయపు మోటారులకు విద్యుత్తు ఉచితమైనది. అది రైతుల నాదుకొన్నమాట నిజము. తోడుటకు ఖర్చు అను పగ్గము తెగినమాటయు నిజము. ఇంత చేసినను, మనకును లెక్క ఎన్ని బావులన్నదే గాని ఎంత నీరన్నది కాదు. అరిజోనా కాగితమునకును మన కాగితమునకును భేదము భాషలోనే యున్నదా యని సందేహము కలుగుచున్నది.

ఇచ్చట వేల యెకరముల కంపెనీలు లేవు గదా, 1973 నాటి భూపరిమితి చట్టము మెట్టయైనను 54 ఎకరములకు మించి యుంచుకొననీయదు గదా యని కొంద ఱనవచ్చును. నిజమే. ఆ చట్టమే మనకు ఇంతవఱకు అడ్డుగోడయైనది. కాని ఆ గోడ భూమికై కట్టినది గాని నీటికై కట్టినది కాదు. పరిమితికి లోబడిన పదిమంది పట్టాలను ఒక్క ఒప్పందముతో ఒక్క పంటకు కట్టివేయవచ్చును. అప్పుడు బావులు పది, తోడించు బుద్ధి ఒకటి.

మా సూచన ఇది. అనుమతి మనిషి వృత్తిని చూచి కాక, తోడు నీటిని చూచి ఉండవలెను. అరిజోనావారు 35 గ్యాలనుల బావిని విడిచిపెట్టినట్లు, మనమును ఒక కొలత నేర్పఱచి, దానికి లోబడిన రైతును ఏ యధికారియు కదలింపరాదని శాసించవలెను. వానికి మీటరు వలదు, అర్జీ వలదు, గ్రామాధికారి దయ వలదు. ఆ కొలతను మించినవాడు సేద్యగాడైనను, పాలవాడైనను, విత్తనముల కంపెనీయైనను ఏటికెంత తోడుదునో ముందుగ చెప్పి, తోడినదానిని మీటరుతో చూపి, ఆ లెక్కను గ్రామసభ యెదుట ఏటేట చదివించవలెను. అధికారులకు లంచములు మేయుటకు క్రొత్త బీడు దొరకునని కొందఱాక్షేపింతురు. ఆ భయము నిరాధారమని మేమనజాలము. కాని పదుగురిలో చదువబడు లెక్కకు చాటున ఇయ్యబడు అనుమతికంటె లంచము తక్కువ పుట్టును. ఇందులకు వేఱొక మహాశాసనము కూడ అక్కఱలేదు. వాల్టా దరఖాస్తుకాగితమున రెండు గళ్లు చేర్చిన మొదలుపెట్టవచ్చును: ఏటికెంత తోడుదువు? చుట్టుపట్ల బావులలో నేడు నీరెంత లోతున నున్నది?