వంతెన ఆలస్యం ప్రాణాలకు చేటు

"వంతెన పనులు జరుగుచున్నవి. మీకు కలుగుతున్న అసౌకర్యానికి చింతిస్తున్నాము."

ఈ బోర్డు చూడని హాస్టల్ విద్యార్థి మనలో ఒక్కరు కూడా ఉండరు. పండుగకు ఊరికి పోయినా, పరీక్ష రాయడానికి పట్నం పోయినా దారిలో ఎక్కడో ఒకచోట సగం లేచిన పిల్లర్లు, వాటి పక్కన బారులు తీరిన వాహనాలు, ఆ బారు మధ్యలో ఈ బోర్డు కనిపిస్తాయి. ఆ బోర్డు మీది 'అసౌకర్యం' అనే మాట గురించే ఈ వార్షికోత్సవ సంచికలో నాలుగు మాటలు రాయదలచుకున్నాము. ఆఫీసుకు పావుగంట ఆలస్యమైతే దాన్ని అసౌకర్యం అనవచ్చు. మనిషి ఇంటికే చేరకపోతే దాన్ని ఏమనాలి?

మేము ఈ హాస్టల్లోనే చదివి ఇప్పుడు పీజీ చేస్తున్నాము. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేతితో పట్టుకున్నది మేమే మొదలు. ఇక్కడ చదివేవాళ్లలో చాలామంది ఇళ్లు అలాంటివే. నాన్న ఆటో తోలుతాడు, అన్న లారీ మీద పోతాడు, అమ్మ కూలిపనికి ట్రాలీ ఎక్కుతుంది. అలాంటి ఇంట్లో సంపాదించే మనిషి రోడ్డు మీద పడిపోతే ఒకరి చదువు ఆగుతుంది, ఒకరి పెళ్లి ఆగుతుంది, ఉన్న అరెకరం తాకట్టుకు పోతుంది. ఏడాది మధ్యలో పెట్టె సర్దుకొని వెళ్లిపోయిన తోటి విద్యార్థులను మనం చూశాము. వారిలో ఒకరి తండ్రి రాత్రిపూట దారి మళ్లింపు దగ్గర దీపం లేని సిమెంటు దిమ్మెను గుద్దుకొని చనిపోయాడు. కాగితాల్లో 'అతివేగం, అజాగ్రత్త' అని రాశారు. ఆ దిమ్మె సంగతి ఎక్కడా లేదు.

కొందరు మిత్రులు ఒక ప్రశ్న వేస్తారు. వంతెన పని జరిగేచోట ట్రాఫిక్ నత్తనడక నడుస్తుంది కదా, నెమ్మదిగా పోయేచోట ప్రమాదాలు ఎందుకు పెరుగుతాయి అని. బారులో చిక్కుకున్న బండ్లు నెమ్మదిగా పోయే మాట నిజమే. గండమంతా బారు తోక దగ్గర ఉంది. వెనక ఖాళీ రోడ్డు మీద వేగంగా వచ్చే కారుకు ఆగి ఉన్న లారీ హఠాత్తుగా ఎదురవుతుంది. డ్రైవరు చూసి, బ్రేకు వేసి, బండిని నిలపడానికి ఎంత దూరం కావాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క కట్టింది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో 60 మీటర్లు, 80 కిలోమీటర్ల వేగంలో 120 మీటర్లు, 100 కిలోమీటర్ల వేగంలో 180 మీటర్లు కావాలి. రాత్రి డిమ్ లైటులో అంత దూరం కనిపించదు. పైగా బారు తోక ఒకచోట ఉండదు. పొద్దున వంద మీటర్లున్న బారు సాయంత్రానికి కిలోమీటరు దాటుతుంది. హెచ్చరిక బోర్డు మాత్రం పిల్లరు పక్కనే పాతి ఉంటుంది. బోర్డు చదివేలోపే గుద్దుకోవడం అయిపోతుంది.

ఇక రోడ్డు ఇరుకవడం రెండో కారణం. నాలుగు వరుసల దారి రెండు వరుసలవుతుంది. డివైడర్ తీసేస్తారు. ఎదురెదురు బండ్లు ఒకే దారిలో పోతాయి. పక్కన కంకర, దుమ్ము, వాన పడితే లోతు తెలియని గుంత. గుంత తప్పించబోయిన బైకు పక్కనున్న లారీ చక్రం వైపు ఒరుగుతుంది. నడిచేవాళ్లకు అడుగు పెట్టే చోటే ఉండదు.

మూడో కారణం తొందర. అరగంట ఇరుక్కున్న డ్రైవరు ఇరుకు దాటగానే ఆ అరగంటను వేగంలో రాబట్టుకోవాలని చూస్తాడు. షేర్ ఆటో అన్నకు ట్రిప్పు లెక్కన కూలి. బస్సు డ్రైవరుకు డిపో టైము. యూ టర్న్ కిలోమీటరు అవతలికి మార్చితే ఎదురు దారిలో పోయేవాళ్లు పుట్టుకొస్తారు. వాళ్లు చేసేది తప్పే. కానీ ఆ తప్పు చేయబుద్ధి పుట్టించే ఏర్పాటు చేసినవాళ్లకు బాధ్యత లేదా? ఇంత జరిగాక 108కు ఫోన్ చేస్తే ఆ అంబులెన్సు కూడా అదే ట్రాఫిక్‌లో చిక్కుకుంటుంది. దెబ్బ తగిలిన తరువాతి గంటను మన మోటారు వాహనాల చట్టమే 'గోల్డెన్ అవర్' అన్నది. అందులో సగం అక్కడే కరిగిపోతుంది.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. అంటే రోజుకు 460 మందికి పైగా. చనిపోయినవారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద పోయేవాళ్లు, 19 మందికి పైగా కాలినడకన పోయేవాళ్లు. గుద్దింది కారైనా లారీ అయినా ఎక్కువగా పోయేది మనవంటి వాళ్లే. అదే నివేదికలో 71.2 శాతం మరణాలకు కారణం అతివేగం అని ఉంది. అతివేగం తప్పు కాదని మేము అనడం లేదు. ఒక కిలోమీటరు వెనక చట్టప్రకారం సరైన వేగమే, చెప్పాపెట్టకుండా ఇరుకైన చోట అతివేగం అవుతుంది. రోడ్డు మారిందని చెప్పాల్సినవాళ్లు చెప్పకపోతే ఆ తప్పు ఏ గడిలో రాస్తారు?

వంతెనలు వద్దని మేము చెప్పడం లేదు. మంచి వంతెన క్రాసింగులు తగ్గిస్తుంది, ప్రమాదాలు తగ్గిస్తుంది, వాగు అవతలి పిల్లలను బడికి చేరుస్తుంది. మా అభ్యంతరమంతా ఆలస్యం మీదే. పక్కన వేసే దారి ఆరు నెలలకో ఏడాదికో అనుకొని వేస్తారు. అందుకే దానికి సరైన తారు, దీపం, కాలువ, ఫుట్‌పాత్ ఉండవు. పని ఆగిపోతే ఆ దారే ఏళ్ల తరబడి అసలు రోడ్డు అవుతుంది. కాపలా మనిషి వెళ్లిపోతాడు, మెరిసే స్టిక్కర్లు మట్టి కొట్టుకుపోతాయి, జెండా ఊపే మనిషి ఉండడు. పిల్లర్లు, దిమ్మెలు మాత్రం ఉంటాయి.

వరంగల్ రహదారి మీద ఉప్పల్ – నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ చూడండి. పొడవు 6 కిలోమీటర్ల పైచిలుకు. 2018లో శంకుస్థాపన జరిగింది. ఏళ్లపాటు పని నిలిచిపోయి 2025 నాటికీ పూర్తి కాలేదు. 2018లో ఆరో తరగతిలో చేరిన పిల్లవాడు 2025లో ఇంటర్ పూర్తి చేశాడు, 6 కిలోమీటర్ల వంతెన పూర్తి కాలేదు. విజయవాడ కనకదుర్గ ఫ్లైఓవర్‌ను 2016 ఆగస్టు కృష్ణా పుష్కరాలకు సిద్ధం చేయాలనుకున్నారు. అది తెరుచుకున్నది 2020 అక్టోబరులో. మానేరు మీద ఓడేడు దగ్గర 2016లో మొదలైన వంతెన పూర్తి కాకుండానే 2024 ఏప్రిల్‌లో ఒక రాత్రి గాలికి గర్డర్లు కూలిపోయాయి. రాత్రివేళ కావడంతో ఎవరికీ ఏమీ కాలేదు. 2007 సెప్టెంబరులో హైదరాబాద్ పంజాగుట్ట ఫ్లైఓవర్ కడుతుండగానే కింద పోయే వాహనాల మీద పడినప్పుడు ఆ అదృష్టం లేకపోయింది. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర ఫోన్‌లోని మ్యాప్ చూపిన దారిన పోయిన కారు, సగంలో తెగిన వంతెన మీది నుంచి రామగంగ నదిలో పడి ముగ్గురు చనిపోయారు. దారికి అడ్డంగా ఒక గోడ కట్టి ఉంటే వారు బతికేవారు.

చట్టం లేదా అంటే ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమాల ప్రకారం పని జరిగే రోడ్డును నాలుగు భాగాలుగా చూడాలి: ముందుగా హెచ్చరించే చోటు, దారి మళ్లే చోటు, పని చోటు, తిరిగి అసలు దారిలో కలిసే చోటు. ఒక్కోదానికి ఏ బోర్డు, ఎంత దూరంలో ఉండాలో రాసి ఉంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ వచ్చింది. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణం గానీ అంగవైకల్యం గానీ కలిగితే అధికారికి, కాంట్రాక్టరుకు, కన్సల్టెంటుకు లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. ప్రాణానికి లక్ష ఏ మూలకు? అయినా రోడ్డు కూడా ముద్దాయి కావచ్చని చట్టం ఒప్పుకున్నది. దాన్ని వాడుకోవడం మన వంతు.

మా కోరికలు ఇవి. పిల్లరుకు గుంత తీయకముందే పక్కదారిని తారుతో, దీపాలతో, నడిచేవారికి చోటుతో వేయాలి. బారు పెరిగినప్పుడు దాని తోకకు ముందు నిలబడి జెండా చూపే మనిషి ఉండాలి. పని నెల దాటి ఆగితే దిమ్మెలు తీసి, గుంతలు పూడ్చి, రోడ్డును తిరిగి అప్పగించాలి. పూర్తి కావాల్సిన తేదీ, గడువు ఎన్నిసార్లు పెంచారు, బాధ్యుడైన ఇంజనీరు ఎవరు, ఫోన్ నంబరు ఏమిటి అన్నవి బోర్డు మీద ఉండాలి. ప్రమాదం జరిగితే పోలీసులు డ్రైవరు తప్పుతో పాటు రోడ్డు పరిస్థితి కూడా ఫొటోలతో రాయాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సెలవులకు వెళ్లేటప్పుడు అరగంట ముందే బయలుదేరండి. బైకు ఎక్కితే హెల్మెట్ పెట్టుకోండి. ఆటోలో పదిమందిని ఎక్కించుకుంటే దిగిపోండి. అన్నలారా, అక్కలారా! మీలో ఇప్పుడు ఏఈలు ఉన్నారు, ఎస్సైలు ఉన్నారు, విలేకరులు, వకీళ్లు ఉన్నారు. మీ సంతకం పడే కాగితంలో, మీరు రాసే రిపోర్టులో ఆ సిమెంటు దిమ్మె సంగతి కూడా రాయండి. హాస్టల్ అన్నం తిన్నందుకు మనం తీర్చుకోగల రుణాల్లో ఇదొకటి.

ఈ దసరా సెలవుల్లో ప్రతి ఒక్కరూ తమ ఊరి దారిలో ఆగిపోయిన వంతెన పని ఏదైనా ఉంటే దాని పేరు, మొదలుపెట్టిన ఏడు, దీపం ఉందా లేదా, బోర్డు ఎంత దూరంలో ఉందో నోటు పుస్తకంలో రాసుకొని రండి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు కూడా లేదు. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి అధ్యక్షులు కలెక్టరు గారే. సెలవులు అయిపోయిన మొదటి సోమవారం ఆ నోటు పుస్తకాలు పట్టుకొని మేము ప్రజావాణికి వెళ్తున్నాము. మీరూ రండి.